ఒక ట్యాంకరు వాన

అనంతపురంలో టీ కప్పులు చిన్నవైపోతున్నాయి. దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. నేను డిగ్రీలో చేరినప్పుడు కాలేజీ ఎదుటి బంకులో గాజు గ్లాసులో ఇచ్చేవాళ్లు. పట్టుకుంటే చెయ్యి నిండేది. తర్వాత కాగితం కప్పు వచ్చింది. ఆ తర్వాత దానికంటే చిన్న కాగితం కప్పు వచ్చింది. ఇప్పుడు ఇస్తున్నది దగ్గుమందు సీసా మూతకు దూరపు చుట్టం. వేళ్లు మాత్రం పాత కొలతలోనే కాలుతున్నాయి.

నాకు ఇందులో సొంత నష్టం ఉంది. టీ అయిపోయేలోగా కథ చెప్పడం అయిపోవాలి, అది మా బంకు దగ్గర నియమం. కప్పు పారేశాక ఏ మిత్రుడూ నిలబడి వినడు. నా కథలు మొదట్లో పూర్తి నిడివి సినిమాలుగానే ఉండేవి. గాజు గ్లాసు పోయాక ఇంటర్వెల్ తీసేశాను. కాగితం కప్పు వచ్చాక హీరో ప్రేమ తీసేశాను. కప్పు ఇంకా కుంచించుకుపోయాక హీరోనే తీసేశాను. షార్ట్ ఫిల్ములలోకి ఎందుకు వచ్చావని ఎవరైనా అడిగితే కళ గురించి ఏదో చెబుతాను గానీ, కారణంలో పెద్ద భాగం ఇదే.

మా నాయన గుంతకల్లులో రైల్వే ఉద్యోగి. మేముండే వీధిలో అందరూ రైల్వే ఉద్యోగులే. అక్కడ రైల్వేలో లేనివాణ్ణి ఏం చేస్తుంటావని అడగరు, ఆరోగ్యం బాగుందా అని అడుగుతారు. నా డిగ్రీ పూర్తయిన వారంలో నాయన పోటీ పరీక్షల పుస్తకం ఒకటి తెచ్చి నా మంచం పక్కన పెట్టాడు. బాగా లావు పుస్తకం. లాప్‌టాప్ కింద పెడితే ఎడిటింగుకు తెర సరిగ్గా కంటి ఎత్తుకు వచ్చేది. నాయన అది చూశాడు. ఏమీ అనలేదు. మా ఇంట్లో తిట్లకంటే ఈ అనకపోవడమే ఎక్కువ పని చేస్తుంది.

మొదటి సినిమా కరువు మీద తీశాను. అనంతపురం వాడు మొదటి సినిమా ఇంక దేని మీద తీస్తాడు? కరువంటే బీటలు వారిన నేల అని నాకు పోస్టర్లు నేర్పాయి. తీరా కెమెరా పట్టుకొని తిరిగితే మా చుట్టుపక్కల నేల ఎక్కడా బీటలు వారలేదు. మాది ఎర్ర గరుసు నేల. ఎండితే పొడి అవుతుంది, గాలికి లేస్తుంది, అన్నంలో పడుతుంది, అంతే గానీ ఫొటో కోసం పగలదు. బైకు మీద పల్లెపల్లె తిరిగి, చివరికి ఒక ఎండిన చెరువు అడుగున కాస్త నల్లమట్టి కనపడితే దేవుడు కనపడినట్టు దిగాను. ఆ పగుళ్లను పైనుంచి తీశాను, పక్కనుంచి తీశాను, పడుకొని తీశాను. దాని మీద పిల్లనగ్రోవి వేశాను. పిల్లనగ్రోవి మీద నా గొంతు వేశాను.

నాయన దాన్ని ఫోనులో నిలబడే చూశాడు.

"ఇది యాడ తీసినావు?"

"మన జిల్లాలోనే నాయనా."

"మన నేల పగలదు కదప్పా. దుమ్ము లేస్తాది. ఆ దుమ్ము దీంట్లో యాడుండాది?"

"దుమ్ము కెమెరాకు మంచిది కాదు నాయనా."

నాయన ఫోను నా చేతికిచ్చి భోజనానికి కూర్చున్నాడు.

రెండో సినిమాకు మిత్రులు సలహాలు ఇచ్చారు. సీమ కథ అంటే తెల్లబండి ఉండాలని ఒకడు, బండి పేలాలని ఇంకొకడు. మా దగ్గర బండి లేదు కాబట్టి అది పేలకుండా మిగిలింది. ఇది నా అభిరుచి అని తర్వాత చాలామందికి చెప్పుకున్నాను. చివరికి భార్యాభర్తల మధ్య ఒక సాయంత్రం కథ తీశాను. కాలేజీ నాటకాల్లో వేసినవాళ్లు ఇద్దరు నటించారు. మాటలు నేనే రాశాను. నేను ఇంట్లో ఏ భాష మాట్లాడతానో, వీధిలో ఏ భాష వింటానో అదంతా కాగితం ముందు కూర్చోగానే మరిచిపోయి, సినిమాల్లో వినే తెలుగు రాశాను. వాళ్లూ దాన్ని అంతే శ్రద్ధగా పలికారు.

ఆ సినిమాను మా పెద్దమ్మకు చూపించాను. పెద్దమ్మ మా అమ్మకు అక్క. తనకల్లు దగ్గర పల్లెలో ఉంటుంది. పెదనాయన పోయాక కూడా సేద్యం వదల్లేదు. వాన పడితే వేరుశనగ వేస్తుంది, పడకపోతే వాననూ ప్రభుత్వాన్నీ సమానంగా తిడుతుంది. సినిమా మొత్తం కదలకుండా చూసి అడిగింది.

"వీళ్ళు యా జిల్లా నుంచి ట్రాన్స్‌ఫరై వచ్చినారు?"

"మనోళ్లే పెద్దమ్మా. ఆ అమ్మాయిది కదిరి."

"కదిరి పిల్ల ఇట్ల మాట్లాడ్తాదా? మొగునితో మాట్లాడ్తాండాదా, బ్యాంకు మేనేజరుతో మాట్లాడ్తాండాదా?"

అది నవ్వులాటగా అన్న మాట కాదు. ఆమెకు నిజంగానే సందేహం వచ్చింది.

అదే నెలలో నాయన నన్ను కూర్చోబెట్టి మాట్లాడాడు. "మూడోది తీసుకో. నేను వద్దనను. అది కూడా ఇట్లనే అయిపోతే ఆ పుస్తకం లాప్‌టాప్ కింద నుంచి తీసి తెరువు. కోపంతో చెప్పడంల్యా, ఊరికే చెప్తాండా."

కోపంతో చెప్పి ఉంటే నేనూ కోపం తెచ్చుకొని తప్పించుకునేవాణ్ణి. ఊరికే చెప్పాడు కాబట్టి ఆ రోజు నుంచి తిన్నది అరగడం మానేసింది. గ్యాస్ అనుకొని మాత్రలు కూడా వేసుకున్నాను. మందుల షాపతను ఏం తిన్నావని అడిగితే, మూడో సినిమా అని చెప్పలేక మిరపకాయ బజ్జీ అన్నాను.

మూడో సినిమాలో పెద్దమ్మనే నటింపజేశాను. ఆమె ఇల్లు, ఆమె వాకిలి, ఆమె మాట. నేను ఒక్క మాట కూడా రాసివ్వలేదు. కథ చిన్నది. విత్తనం సిద్ధం చేసుకున్న ఒక ఆడమనిషి వాన కోసం ఎదురుచూస్తుంది. వానతో పోట్లాడుతుంది, అలుగుతుంది, మాట్లాడటం మానేస్తుంది. చివర్లో వాన వస్తుంది. ఆమె వాకిట్లోకి వచ్చి ముఖం పైకెత్తుతుంది. కళ్లు మూసుకుంటుంది. చేతులు కొంచెం చాపుతుంది. మొదటి చినుకు నుదుటి మీద పడుతుంది, చాలా నెమ్మదిగా పడుతుంది. ఈ ఒక్క షాట్ కోసమే మిగతా సినిమా రాసుకున్నానన్నది నిజం. రాత్రి పడుకుంటే కళ్ల ముందు అదే ఆడేది.

కెమెరా నాది కాదు, నా మిత్రుడిది. వాళ్ల కుటుంబం కదిరిలో పెళ్లి వీడియోలు తీస్తుంది. వాడు ఊహ తెలిసినప్పటి నుంచి తలంబ్రాలు తీస్తున్నాడు. శని, ఆదివారాలు పెళ్లిళ్లు లేనప్పుడు వచ్చి నా సినిమా తీసేవాడు. పెద్దమ్మ వానతో పోట్లాడిన సీన్లన్నీ అలా అయిపోయాయి. అన్నీ బాగానే వచ్చాయి. అందుకే నాకు భయం వేసింది. వాన ఒక్కటే మిగిలింది.

అప్పుడు మిత్రుడికి బెంగళూరులో ఒక స్టూడియోలో ఉద్యోగం వచ్చింది. సోమవారం పొద్దున బస్సు. వాడితో పాటు కెమెరా కూడా పోతుంది. ఆ మాట వాడు సంతోషంగా చెప్పాడు, నేను సంతోషంగా విన్నాను, ఇద్దరం చేతులు కలుపుకున్నాం. తర్వాత ఇంటికి వెళ్లి మాత్ర వేసుకున్నాను. ఆదివారం సాయంత్రం వెలుతురు పోయేలోగా తనకల్లు దగ్గర వాన పడాలి. వేసవి ఇంకా పోలేదు. ఆ ప్రాంతంలో వాన ఎవరికీ కాల్షీటు ఇచ్చిన దాఖలా లేదు.

ట్యాంకరు ఆలోచన మిత్రుడిదే. పెళ్లిళ్లకు నీళ్లు తోలే డ్రైవరు ఒకతను వాడికి తెలుసు. పెద్దమ్మ బోరు ఎండిపోయినప్పటి నుంచి స్ప్రింక్లర్ పైపులు కొట్టంలో పడి ఉన్నాయి. వాటిని వెదురు బొంగులకు కట్టి వాకిలి మీదికి ఎత్తి, ట్యాంకరు మోటారుతో నీళ్లు కొడితే వాన. కాగితం మీద గీసి చూసుకుంటే వాన చాలా సులువైన వస్తువులా కనిపించింది. ఇంతకాలం దీని కోసం జిల్లా అంతా ఎందుకు ఎదురుచూస్తోందో అర్థం కాలేదు.

ఆదివారం పొద్దున్నే వెళ్లి బొంగులు పాతాం. వాకిట్లో చింతపండు చాప మీద ఆరబోసి ఉంది. పెద్దమ్మ, పక్కింటి అత్త కలిసి గింజ తీసి ఆరబెట్టుకున్నది. అత్త అంటే చుట్టరికం ఏమీ లేదు, వరసకు అత్త. ఆ వీధిలో ఏ గొడవ వచ్చినా, ఏ కొళాయి ఆగినా మొదట వినిపించే గొంతు ఆమెదే. చాప ఫ్రేములో అడ్డంగా ఉందని, దాన్ని ఈడ్చుకెళ్లి అత్త అరుగు పక్కన, వాన చేరని చోట పెట్టాను. పెద్దమ్మ చూస్తూనే ఉంది. తర్వాత నటన చెప్పాను.

"మొగం పైకెత్తల్ల పెద్దమ్మా. కండ్లు మూసుకోవల్ల. చేతులు ఇట్ల చాపల్ల."

"ఎందుకు?"

"వాన వచ్చిందని సంతోషం."

"సంతోషమైతే చేతులు చాపుతారా?"

"సినిమాలో పెద్దమ్మా."

"సరేలే," అని చేసి చూపించింది. కదిరి బస్సును ఆపుతున్నట్టు ఉంది. ఇంకోసారి చేయమన్నాను. ఈసారి బస్సు ఆగకుండా పోయినట్టు ఉంది. మిత్రుడు పక్కకు తిరిగి లెన్సు తుడుచుకున్నాడు. నీళ్లు పడితే అదే సర్దుకుంటుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ రోజు నాకు నేను చాలా చెప్పుకున్నాను.

మధ్యాహ్నం తినలేకపోయాను. బ్యాటరీ చూశాను. ఇంకో బ్యాటరీ చూశాను. మెమరీ కార్డు తీసి, చూసి, మళ్లీ పెట్టాను. పడమట ఒక మబ్బు తునక కనిపిస్తే, వెలుతురు మారిపోతుందని దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఆ ఊళ్లో మబ్బును చూసి భయపడినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. పెద్దమ్మ అది చూసి అరుగు మీది ముసలాయనతో, "సూడప్పా, ఈ పిల్లోడు మా కోసం ఎంత కనిపెట్టుకోని మబ్బును చూస్తాండాడో," అంది. నేను కాదనలేదు.

ట్యాంకరు రావలసిన దారి ఊరి వెనక నుంచి. నేరుగా పెద్దమ్మ దొడ్డి పక్కకు రావాలి. అది మిత్రుడు డ్రైవరుకు రెండు మూడుసార్లు చెప్పాడు. కానీ ట్యాంకరు ఊళ్లోకి వస్తే పాలకేంద్రం ముందు ఆగి హారను కొట్టడం అక్కడి ఆనవాయితీ. డ్రైవరు మామూలుగా ఆ ఊరికి తోలేవాడే. పాలకేంద్రం దగ్గరికి రాగానే ఆగాడు, హారను కొట్టాడు.

హారను నేను దొడ్డి దగ్గర విన్నాను. పరుగెత్తి వెళ్లేసరికి మనుషుల కంటే ముందు బిందెలు వచ్చేశాయి. స్టీలువి, ప్లాస్టిక్కువి, పెయింటు డబ్బాలు, ఒక ప్రెషర్ కుక్కర్. వరసగా నిలబడి ఉన్నాయి. వాటి మనుషులు వెనక నుంచి కొంగులు సర్దుకుంటూ వస్తున్నారు. ఈ రోజు ట్యాంకరు వచ్చే రోజు కాదు. అందరి ముఖాల్లో అనుకోని పండగ కళ ఉంది.

"అన్నా, ఇది షూటింగు ట్యాంకరు," అన్నాను డ్రైవరుతో.

"తెలుసప్పా. ఏం చేయమంటావు? చెయ్యి దానంతట అదే హారను మీదికి పోయింది. ఇప్పుడు పైపు ఎత్తుకోని పోతే నన్ను ఈ దావలో మళ్ళా రానిస్తారా?"

వరస ముందర పక్కింటి అత్త ఉంది. ఎవరి బిందె ముందు, ఎవరిది వెనక అన్నది ఆమె తీర్పు. ఆమెకు చెబితే పని అవుతుందనుకున్నాను.

"అత్తా, ఇవి సినిమాకు తెచ్చుకున్న నీళ్లు."

"సినిమాకు నీళ్ళెందుకు?"

"వాన పడల్ల."

అత్త ఆకాశం చూసింది. తర్వాత ట్యాంకరును చూసింది. "దీంతోనా?"

"అవునత్తా."

"అంటే పైకి పోసి కిందికి పడేయిస్తావా?"

ఆ పనిని అంత క్లుప్తంగా అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. "అట్లాంటిదే," అన్నాను.

"సరే. మేము పట్టుకున్నంక మిగిలింది పోసుకో."

ఇది ఆమె దృష్టిలో ఉదారమైన తీర్పు అని అర్థమైంది. డ్రైవరు పైపు విప్పాడు. నేను ట్యాంకరు పక్కన నిలబడ్డాను. బిందె నిండుతోంది, పక్కకు జరుగుతోంది, ఇంకో బిందె వస్తోంది. పొద్దు పడమటికి దిగుతోంది. డ్రైవరు అప్పుడప్పుడూ ట్యాంకరు మీద వేళ్ల కణుపులతో కొట్టేవాడు. నిండుగా ఉన్నచోట మొద్దు శబ్దం, ఖాళీ అయిన చోట గంట శబ్దం. ఆ గంట పైనుంచి కిందికి దిగుతూ వచ్చింది. నా సినిమా ఎంత మిగిలిందో చెవులతో వింటూ నిలబడ్డాను. బిందెలు తీసుకెళ్లినవాళ్లు కొందరు వాటిని ఇంట్లో ఒంపి మళ్లీ వచ్చారు. నేను ఏమీ అనలేదు. ఈ మాట గట్టిగా చెప్పుకుంటాను, ఒక్క మాట కూడా అనలేదు. నిలబడి చూస్తూ ఉన్నాను, అంతే.

అప్పుడు నాకు గొప్ప ఆలోచన వచ్చింది. నా గొప్ప ఆలోచనలన్నీ నీళ్లు అయిపోయేటప్పుడే వస్తాయి. వాన ఎందుకు? ఈ వరసే సినిమా కదా, అనుకున్నాను. మిత్రుణ్ణి రమ్మని సైగ చేశాను. వాడు కెమెరా భుజానికెత్తాడు.

"ఆ కెమెరా దించు," అంది అత్త.

వాడు దించాడు.

"ఎండాకాలమొస్తే ప్రతి టీవీవాడూ వస్తాడు. బిందె ఎత్తుకోని నిలబడమంటాడు. ఖాళీ బిందె తిరగేసి చూపియ్యమంటాడు. మా కోడలి ఫోటో పేపర్లో పడితే వాళ్ళ పుట్టింటోళ్ళు ఫోన్ చేసి ఏడ్చినారు, మా పిల్లకు తాగడానికి నీళ్ళు కూడా లేవా అని. మమ్మల్ని తియ్యాకు నాయనా. నువ్వేదో వాన అంటివే, అది తీసుకో. వాననైతే ఇంతవరకూ ఎవుడూ వచ్చి తియ్యల్యా."

వెనక ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. నేను వానకే తిరిగి వచ్చాను.

ట్యాంకరు పెద్దమ్మ వాకిటి పక్కకు చేరేసరికి గంట శబ్దం సగానికి కింద మోగుతోంది. వెలుతురు ఎర్రబడింది. నీళ్లు పట్టుకున్నవాళ్లంతా బిందెలు ఇళ్లల్లో దించి, వాన చూద్దామని వచ్చి అరుగుల మీద కూర్చున్నారు. అత్త తన అరుగు మీద కూర్చుంది. ఒక్క టేకుకే నీళ్లు ఉన్నాయని డ్రైవరు చెప్పాడు. ఆ మాట పెద్దమ్మకు చెప్పకుండా ఉండాల్సింది. చెప్పేశాను. ఆమె అంతవరకూ మామూలుగా ఉంది, అప్పటి నుంచి మొదటిసారి విమానం ఎక్కబోతున్నట్టు బిగుసుకుపోయింది.

నేను చెయ్యి ఊపాను. మోటారు మొదలైంది. స్ప్రింక్లర్లు మొదట దగ్గాయి, కాస్త ఎర్రనీళ్లు ఉమ్మాయి, తర్వాత తిరిగాయి. వాన పడింది. చెప్పకూడదు గానీ, మంచి వాన. వాకిట్లో మట్టివాసన లేచింది. మట్టికి మబ్బుకూ ట్యాంకరుకూ తేడా తెలియదు.

పెద్దమ్మ గడప దాటి వచ్చింది. నేను గుర్తుగా పెట్టిన గులకరాయి దగ్గర నిలబడింది. ముఖం ఎత్తడం మొదలుపెట్టింది. సగం ఎత్తింది. నుదుటి మీద నీటిబొట్టు పడింది. కళ్లు మూసుకోవలసిన చోట పెద్దగా తెరిచింది.

"లేయ్, చింతపండు," అంది.

ఫ్రేములోంచి వెళ్లిపోయింది. అత్త కూడా అరుగు మీంచి లేచి పరుగెత్తింది. వాన చేరని చోట, నేను నా చేతులతో పెట్టిన చోట, పొడిగా, హాయిగా ఉన్న చింతపండు చాపను చెరో కొసా పట్టుకొని, ఒకరినొకరు తిట్టుకుంటూ, నా వాన మధ్యలోంచి మోసుకుంటూ ఇంట్లోకి తీసుకెళ్లారు. అంటే అప్పటిదాకా తడవనిది అప్పుడు కాస్త తడిసింది.

నేను కట్ అని అరిచాను. ఇంకోసారి అరిచాను. మిత్రుడు కట్ చేయలేదు. పెళ్లిళ్లలో కట్ అనే మాట లేదు. అక్కడ ఎవరు పరుగెత్తితే కెమెరా వాళ్ల వెనక పోవాలి; తాళి వెతుకుతూ పరుగెత్తినా సరే, అలిగి పరుగెత్తినా సరే. వాడు అలవాటుకొద్దీ వాళ్ల వెనక తిప్పాడు, గడప దాకా తిప్పి అక్కడ ఆపాడు. మూసిన తలుపు ముందు వాకిలి, వాకిలి మీద ఎవరూ లేకుండా పడుతున్న వాన. స్ప్రింక్లర్ విసిరే నీళ్లు దగ్గరికి, ఇంకా దగ్గరికి పడుతూ, చివరికి పైపు కాళ్ల దగ్గరే కారి ఆగిపోయాయి.

తలుపు తెరుచుకుంది. పెద్దమ్మ ముఖం తుడుచుకుంటూ వచ్చింది.

"ఏం పర్వాలేదు, శానా తడవలేదు," అని చెప్పింది నాకు. నా ముఖం చూసింది. "అయ్యో, మొగం ఎత్తల్ల కదా. ఎత్తుతా, పొయ్యండి."

డ్రైవరు ట్యాంకరు అడుగు దాకా వంగి కణుపులతో కొట్టాడు. అడుగు కూడా గంట మోగింది. "యాడిది పెద్దమ్మా," అన్నాడు.

నేను అరుగు మీద కూర్చున్నాను. "అది ట్యాంకరు నీళ్లని నీకు తెలుసు కదా పెద్దమ్మా?"

"తెలీక? పైపులు నేనే కదా ఇచ్చింది."

"మరి ఎందుకు పరిగెత్తినావు?"

"నీళ్ళు పడినాయి కదరా," అంది, నాకు జ్వరం ఉందేమో అన్నట్టు చూస్తూ.

సోమవారం పొద్దున మిత్రుడూ కెమెరా బెంగళూరు వెళ్లిపోయారు. నేను ఫుటేజీతో గుంతకల్లు వచ్చి లావు పుస్తకం మీద లాప్‌టాప్ పెట్టుకొని కూర్చున్నాను. పెద్దమ్మ పరుగెత్తడానికి ముందే సినిమా ఆపేద్దామని చూశాను. ముఖం సగం ఎత్తిన చోట ఆపితే మెడ పట్టేసినట్టు ఉంది. స్లోమోషన్ వేస్తే పట్టేసిన మెడ ఇంకా ఎక్కువసేపు పట్టేసింది. పిల్లనగ్రోవి వేసి చూశాను. మెడకు పిల్లనగ్రోవి వైద్యం చేయలేదు. నాయన నా గది ముందు నుంచి నడిచినప్పుడల్లా చేతులు కీబోర్డు మీద ఏదో ఒకటి నొక్కేవి, పని జరుగుతున్నట్టు.

ఇట్లా చాలా రోజులు గడిచాక, వేరే దారి లేక, తీసినది తీసినట్టు పెట్టి చూశాను. ఆమె వస్తుంది, ముఖం సగం ఎత్తుతుంది, లేయ్ చింతపండు అంటుంది, పరుగెత్తుతుంది, ఇంకో ఆమె పరుగెత్తుకొస్తుంది, చాప, తిట్లు, తలుపు. ఎవరూ లేని వాకిలి మీద వాన. వాన సన్నబడి ఆగుతుంది. అంతే. నేను అంతవరకూ ఏ సినిమాలోనూ వానను అట్లా చూడలేదు, ఏ ఇంట్లోనూ మరోలా చూడలేదు. మా అమ్మ కూడా చినుకు పడితే మిద్దె మీది వడియాల కోసమే పరుగెత్తేది. ముఖం ఎత్తి, చేతులు చాపి నిలబడిన మనిషిని మా జిల్లాలో చూసి ఉంటే, ఎవరైనా వెళ్లి ఆమెను ఇంట్లోకి తీసుకెళ్లేవాళ్లు. ఇది తెలుసుకోవడానికి నాకు మూడు సినిమాలు, ఒక ట్యాంకరు పట్టాయి. పిల్లనగ్రోవి తీసేశాను. నా గొంతు తీసేశాను. ఒక్కొక్కటీ తీసేసినప్పుడల్లా భయం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. ఇంతకు ముందు బాగోలేకపోతే పిల్లనగ్రోవి మీద నెట్టడానికి వీలుండేది.

నాయన ఈసారి కూర్చొని చూశాడు. అయిపోయాక ఫోను వెంటనే ఇవ్వలేదు. తెర ఆరిపోయేదాకా పట్టుకున్నాడు.

"మీ పెద్దమ్మకు జలుబు చేసెనా తర్వాత?"

"లేదు నాయనా."

"ఊ," అన్నాడు. లేచి వెళ్లిపోయాడు. పుస్తకం మాట ఎత్తలేదు. అది ఇప్పటికీ లాప్‌టాప్ కిందే ఉంది. అది అనుమతో, గడువు పెంచడమో, మరిచిపోవడమో నాకు తెలియదు. నాయన మరిచిపోయే మనిషి కాదు. అందుకే ఆ పుస్తకాన్ని కదిలించకుండా దుమ్ము తుడవడం నేర్చుకున్నాను.

ఊళ్లో చూపించాలని పెద్దమ్మ పట్టుబట్టింది. పాలకేంద్రం గోడకు సున్నం కొత్తగా వేశారు. పొద్దు గూకిన వెంటనే, గేదెల పాలు పోయడం అయిపోయాక, ఒక ప్రొజెక్టరు అడిగి తెచ్చుకొని గోడ మీద వేశాను. ఆ రోజు బిందెలతో వరసలో ఉన్నవాళ్లు దాదాపు అందరూ వచ్చారు. ఈసారి స్టూళ్లతో, చాపలతో. అత్త ముందు వరసలోనే కూర్చుంది. తియ్యాకు అని ఆమె చెప్పిన మాట నాకు గుర్తుంది. సినిమాలో ఆమె ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెబుదామని మధ్యాహ్నం వాళ్ల ఇంటి దాకా వెళ్లి, మజ్జిగ తాగి వచ్చాను.

సినిమా ఆడుతున్నంతసేపూ గోడను చూడలేదు, ఆమె వీపును చూశాను. పెద్దమ్మ వానను తిట్టినచోట అందరూ నవ్వారు. వాన పడినచోట నవ్వు ఆగింది. చింతపండు అనగానే గోల మొదలైంది. అత్త గోడ మీదికి పరుగెత్తుకొచ్చినప్పుడు ఆ గోల ఈలగా మారింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో, పళ్లు కొరుకుతోందో వెనక నుంచి తెలియలేదు. గోడ మీద వాకిలి ఖాళీ అయింది, వాన ఆగింది, గోడ మళ్లీ గోడ అయింది.

"అయిపోయెనా?" అన్నారెవరో. సినిమా తీసేవాడు వినడానికి ఇష్టపడని మాటల్లో అది ముందు వరసలో ఉంటుంది.

"అయిపోయింది," అన్నాను.

"నా కొంగు అట్ల జారిపోయింటే చెప్పొద్దా నువ్వు?" అంది పెద్దమ్మ. అది తప్ప ఆమెకు వేరే ఫిర్యాదు ఉన్నట్టు లేదు.

జనం స్టూళ్లు ఎత్తుకొని వెళ్తున్నారు. నేను ప్రొజెక్టరు వైరు చుడుతున్నాను. ఎంత చుట్టినా అయిపోకూడదని నెమ్మదిగా చుడుతున్నాను. అత్త వచ్చి నా ఎదుట నిలబడింది.

"నన్ను తియ్యాకంటే తీసినావు," అంది.

"అత్తా, అది నేను కావాలని..."

"ఉండు. చింతపండు కాడ తీసినావు. సరేలే, దానికేం. బాగనే ఉండాది, మా కోడలు పుట్టింటోళ్ళకు కూడా పంపీమనింది."

థ్యాంక్స్ చెబుదామని నోరు తెరిచాను. ఆమె స్టూలు చంకన పెట్టుకొని రెండడుగులు వేసి, మళ్లీ తిరిగింది.

"ఆ పొద్దు మేము నీళ్ళు పట్టుకుంటాంటే ట్యాంకరు పక్కన నిలబడి మమ్మల్ని చూస్తాంటివే, దొంగల్ని చూసినట్ల. ఆ మొగం తీసింటే నీ సినిమా ఇంకా బాగుండు."